మూడో అంతస్తు దాకా నిచ్చెన

మేడ మీద నా గది,
వానలకి కాస్త ముందు

అక్కా,

నీ ఉత్తరం చేరింది. కవరు మీద నీ కూతురు, మన గుండుసూది గీసిన తేలుని చూసి పోస్ట్‌మన్ జడుసుకున్నట్టున్నాడు, తలుపు కింద నుంచి తోసేసి పోయాడు.

ముందు నీకో దండం. పోయినసారి నేనొచ్చినప్పుడు నా ఇరవై ముఖాల పాచికని చూసి "డిగ్రీ దాకా చదివింది ఇది దొర్లించడానికా?" అన్నదానివి. ఇవాళ నీ చేత్తో నువ్వే "గొడుగుకి నియమాలేంటే?" అని రాశావు. ఆ ముక్క నాలుగుసార్లు చదివాను, నీ రాతేనా అని.

మళ్ళీ చెబుతున్నా, వెక్కిరించకుండా విను. ఆదివారాలు మా పంటి డాక్టర్ ఇంట్లో బల్ల చుట్టూ చేరతాం. ఆయన కథ నడుపుతాడు, మేం అందులో మనుషులం. నేను దొంగని. "గోడ దూకుతాను" అన్నంత మాత్రాన దూకినట్టు కాదు. పాచిక వేయాలి, అది ఒప్పుకోవాలి. దారిలో మాయవస్తువులు దొరుకుతాయి. ఒక్కోదానికి ఒక్కో కార్డు. ఏం చేస్తుంది, ఎన్నిసార్లు చేస్తుంది, ఎక్కడ మొండికేస్తుంది. ఆ మూడోది రాయని వస్తువుని మా బల్ల దగ్గర ఎవరూ ముట్టుకోరు.

గుండుసూది పెట్టిన షరతులు నీకూ గుర్తుండాలి. వస్తువు తను కనిపెడుతుంది. తన అక్షరాలు ఇంకా బండరాళ్ళంత ఉన్నాయి కాబట్టి నువ్వు రాసిపెడతావు. నేను కార్డు చేస్తాను. సెలవులకి నేనొచ్చి ఆ వస్తువులన్నిటితో ఆట నడిపేదాకా మన ముగ్గురికి తప్ప నాలుగో మనిషికి తెలియకూడదు. నేను బస్సెక్కబోతుంటే చెయ్యి వెనక్కి లాగి మరీ ఒట్టు వేయించుకుంది. ఏడేళ్ళ పిల్ల మొహంలో పోలీసుకున్నంత అనుమానం. పంటి డాక్టర్‌కి కూడా నేను నోరు విప్పలేదు, నమ్ము.

నా ఉద్యోగం సంగతి తెలిసిందేగా. మిక్సీలకీ ఇస్త్రీపెట్టెలకీ వాడుక పుస్తకాలు రాయడం. పొద్దున్నించీ "తడి చేతులతో తాకరాదు", "పిల్లలకు అందనంత ఎత్తులో ఉంచవలెను". ఇది మూడో ఉద్యోగం, ఇదీ వదిలేస్తానేమోనని నీ అనుమానం. నా అనుమానమూ అదే. కానీ నీ కూతురి గొడుగుకి హెచ్చరిక రాస్తుంటే ఈ విద్య ఎందుకు నేర్చుకున్నానో తెలిసొచ్చింది. ఇదిగో, చదివి వినిపించు:

అలిగే గొడుగు. బతిమాలితేనే తెరుచుకుంటుంది. తెరుచుకున్నాక కింద నిలబడ్డవాళ్ళ మీద వానా పడదు, తిట్లూ పడవు. రోజుకి మూడు అలకలు. ఒకసారి పనిచేసిన బతిమాలుడు రెండోసారి చెల్లదు. హెచ్చరిక: వాడనప్పుడు పొడి ప్రదేశంలో ఉంచవలెను. లేనిచో గొడుగుకు జలుబు చేయును.

తిట్లు పడవన్నది అచ్చంగా దాని ఊహే. ఎవరే దాన్నంత తిడుతున్నది?

నీ చెల్లి


వంటగది గట్టు,
కుక్కర్ కూతల మధ్య

కుదురులేని చెల్లికి,

తిట్టేది నేనే. మీ బావకి డ్యూటీ నుంచి వచ్చి ముద్దు చేయడమే తెలుసు. ఇంట్లో ఒకరన్నా తిట్టకపోతే ఆ పిల్ల ఒంటి మీద బట్ట నిలవదు, పుస్తకాల సంచీలో పుస్తకం నిలవదు.

గొడుగుకి జలుబు అనగానే మంచం మీద పడి దొర్లింది. "మళ్ళీ చదువమ్మా, మళ్ళీ" అని ప్రాణం తీసింది. చదివి చదివి నాక్కూడా నవ్వొచ్చింది. అలా నవ్వి ఎన్నాళ్ళయిందో.

మా ఆఫీసు గురించి అడిగావు కిందటిసారి. ఆటబొమ్మల కంపెనీలో ఏముంటుంది, అదే బొమ్మలు గీసే సెక్షను, అదే కుర్చీ. పాతికేళ్ళుగా అమ్ముతున్న వైకుంఠపాళీ పటానికి కొత్త పాములు గీస్తున్నాను. కొత్త మేనేజరు వచ్చాడు. పటాల కాలం పోయిందంటాడు, మా సెక్షను వైపు చూసి పెదవి విరుస్తాడు. పోనీలే.

ఇంకో రెండు చెప్పింది గుండుసూది. ఒకటి, ఎడమకాలి చెప్పు. ఎక్కడ తప్పిపోయినా దానికి ఇంటిదారి తెలుసు. కుడి చెప్పుకి మాత్రం తెలియదట. అందుకని కుంటుకుంటూ రావాలట. రెండోది నిచ్చెన. ఎంత ఎత్తయినా సాగుతుంది, కానీ మూడో అంతస్తు దాకానే. ఎంత ఎత్తయినా సాగేదానికి మూడో అంతస్తేంటే? "పోనీ ఐదు చేద్దామా" అంటే నా వైపు చూసిన చూపు నీకు చూపించాలి. నువ్వైనా చెప్పు.

అన్నట్టు, గొడుగు కింద ఎంతమంది పడతారు? వస్తువు విరిగితే ఏం చేయాలి? ఒకే వస్తువు ఇద్దరు పట్టుకుంటే ఎవరిది? అవి కూడా రాయి. కార్డుకో కాగితం పెట్టి, కాస్త గుండ్రంగా రాయి. నీ కోడిగీతలు పిల్ల చదవలేకపోతోంది.

అక్క


ఆఫీసు, టీ విరామం,
వాన మొదలైంది

అక్కా,

నిచ్చెన జోలికి పోకు. నీకు మొక్కుతా.

మీ మెట్లు ఎక్కడికి పోతాయో ఒకసారి ఆలోచించు. మూడో అంతస్తులో మీ ఇల్లు. ఆ పైన డాబా తలుపు, దానికి ఇంటాయన వేసిన తాళం. తాళం అవతల ఏముందో గుండుసూదికి తెలియదు కాబట్టి నిచ్చెనకీ తెలియదు. కోటకి ఆనించినా మబ్బుకి ఆనించినా మూడో అంతస్తు రాగానే ఆగాలి. ఐదు చేశామా, బజార్లో దొరికే నిచ్చెనైపోతుంది. పిల్ల ఎక్కడ ఆపితే అక్కడే మనమూ ఆగాలి. ఈ పనిలో నేను నేర్చుకున్నది అదొక్కటే.

నువ్వడిగినవన్నీ రాసి పంపుతున్నా. గొడుగు కింద ఇద్దరు, మూడోవాడు సన్నగా ఉంటేనే. విరిగితే కనిపెట్టినవాళ్ళే బాగుచేయాలి, ఇంకెవరు ముట్టుకున్నా మామూలు వస్తువైపోతుంది. ఇవన్నీ నీకు తట్టడమే నాకు ఆశ్చర్యం. మా బల్ల దగ్గర ఆరితేరినవాళ్ళు అడిగే ప్రశ్నలు ఇవి. సెలవులకి వచ్చినప్పుడు నువ్వూ కూర్చోవాలి మాతో. నిన్ను మంత్రగత్తెని చేస్తా. పెద్దగా కష్టపడక్కర్లేదు, ఉన్న మొహంతోనే సరిపోతుంది.

ఒక మాట చెబుతా, నవ్వకు. పెళ్ళయి నువ్వు వెళ్ళిపోయాక మన ఉత్తరాల్లో ఏముండేది? ఒంట్లో ఎలా ఉంది, ఉద్యోగం వదలకు, ఇట్లు అక్క. గ్యాసు కంపెనీ వాళ్ళు కూడా అంతకన్నా ప్రేమగా రాస్తారు. ఈమధ్య నీ కవరు లావుగా వస్తోంది. చింపేముందు కాసేపు చేతిలో పట్టుకుని కూర్చుంటున్నాను.

నీ చెల్లి


మంచం మీద నుంచి

చెల్లీ,

జ్వరం. రాత వంకరగా ఉంటే అందుకే. గుండుసూది పక్కనే కూర్చుని నుదుటి మీద తడిగుడ్డ వేస్తోంది. సగం నీళ్ళు నా చెవుల్లోకే. ఏవేవో చెబుతోంది కూడా, కళ్ళు మూసుకుని ఊ కొడుతున్నాను.

నిచ్చెన మూడే. అలాగే ఉంచుతాను.

చెప్పు కార్డు ఇంకా రాలేదు. కాస్త త్వరగా పంపు. పిల్ల అడుగుతోంది.

అక్క


నా గది,
ముసురు

అక్కా,

చెప్పు కార్డు పంపాను, అందిందనైనా రాయలేదు. ఆ తర్వాత ఇంకో ఉత్తరం. దానికీ జవాబు లేదు. జ్వరం తగ్గిందా లేదా? ఫోన్ చేస్తే "మీటింగులో ఉన్నా" అంటావు. మీ సెక్షనుకి మీటింగులు ఎప్పటినుంచి?

గుండుసూదికి ఫోన్ ఇమ్మంటే బాత్‌రూమ్‌లో ఉందన్నావు. మూడుసార్లూ బాత్‌రూమ్‌లోనే ఉంది. కొత్త వస్తువులేం చెప్పడం లేదా? ఊరుకునే పిల్ల కాదే అది. సెలవుల ఆటకి కోట పటం గీస్తున్నా. కిటికీలన్నీ మూడో అంతస్తు పైనే పెట్టాను, ఎలా ఎక్కుతుందో చూడాలని.

చెల్లి


ఇల్లు

చెల్లికి,

జ్వరం తగ్గింది. పనెక్కువైంది.

పిల్లలంటే ఇవాళ ఒక పిచ్చి, రేపు ఇంకోటి. దానికి ఆ వస్తువుల మీద మోజు పోయింది. నువ్వు అనవసరంగా పటాలు గీసి శ్రమపడకు. సెలవుల్లో మేం ఊళ్ళో ఉంటామో ఉండమో కూడా తెలియదు. రావాలనుకుంటే ముందు కనుక్కుని రా.

అక్క


నా గది

అక్కగారికి,

మీకొక విశేషం చెప్పాలి.

మొన్న ఆదివారం మా పంటి డాక్టర్ కొత్త పెట్టె ఒకటి తెచ్చాడు. మాయవస్తువుల కార్డుల పెట్టె. "చిన్న కంపెనీ, మొన్నటిదాకా పాముల పటాలు వేసుకునేవాళ్ళు, ఇప్పుడు చూడండి ఏం తీశారో" అన్నాడు. ఒక కార్డు తీసి గట్టిగా చదివాడు. "వాడనప్పుడు పొడి ప్రదేశంలో ఉంచవలెను. లేనిచో గొడుగుకు జలుబు చేయును." బల్ల చుట్టూ అందరూ పడీ పడీ నవ్వారు. "ఎవరో గానీ మిక్సీల పుస్తకాలు చదివి చదివి రాసినట్టుంది" అని నా వైపు చూసి కన్ను కొట్టాడు. నేనూ నవ్వాను. నవ్వు ఆగలేదు. మంచినీళ్ళు ఇచ్చారు.

తర్వాతి కార్డు నిచ్చెన. మూడో అంతస్తు దాకా. "కోటలకి అంతస్తులేంటి, అదీ మూడేంటి, భలే తిక్క" అని మళ్ళీ నవ్వారు. ఆ మూడో అంతస్తులో ఎవరి మంచం ఉందో, ఆ పై తలుపుకి ఎలాంటి తాళం వేలాడుతోందో తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే అక్కడ. దొంగలా కూర్చున్నా. ఆటలో దొంగనేగా, ఎవరికీ తేడా తెలియలేదు.

కార్డుల వెనక సన్నటి అక్షరాల్లో "ఊహ, రచన, బొమ్మలు" అని ఉంది. పక్కన తమరి పేరు.

అలాగే ఉంచుతాను అన్నావు. మాట నిలబెట్టుకున్నావు అక్కా. ఒక్క అక్షరం మార్చలేదు. ఎక్కడ ఉంచుతావే అని అడగాలని నాకే తోచలేదు.

గొడుగు కింద ఎంతమంది పడతారు. విరిగితే ఏం చేయాలి. ఇద్దరు పట్టుకుంటే ఎవరిది. ఇవన్నీ మీ మేనేజరు అడిగిన ప్రశ్నలు కదూ? కార్డుకో కాగితం, గుండ్రటి రాత. పిల్ల కోసం అనుకుని స్కేలు పెట్టి గీతలు కొట్టుకుని మరీ రాశాను. ఆఫీసు పని అంత శ్రద్ధగా ఎప్పుడైనా చేసి ఉంటే ఈపాటికి నాకూ ఒక సెక్షను ఉండేది.

కార్డులు పోతే పోయాయి. ఇంకో నలభై రాస్తా. కవరు చేతిలో పట్టుకుని కూర్చున్నానని నీకు రాశాను చూడు, అది తలుచుకుంటే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. ఆ కవరులో ఉన్నది అక్క బరువు అనుకున్నా. నువ్వు సరుకు కోసం కవరు నింపావు.

పెట్టెలో నేనెరగని కార్డు ఒకటుంది. మూత. మాట చెప్పి దాని మీద మూత పెడితే, వినాల్సిన మనిషి వచ్చి తీసేదాకా ఆ మాట చల్లారదు. హెచ్చరిక లేదు, ఎన్నిసార్లో లేదు, అంటే నా చెయ్యి పడలేదు. నువ్వే రాసినట్టున్నావు. పెట్టె మొత్తంలో అదే గొప్పగా ఉంది. దాన్ని మెచ్చుకోవాల్సి రావడం ఇంకా మండుతోంది నాకు.

పిల్లకి తెలుసా? అదొక్కటి చెప్పు. మిగతావి తర్వాత తిట్టుకుందాం. నేనూ ఒట్టు తప్పానని అనుకుంటోందా?

చెల్లి


ఆఫీసు, కొత్త గది

చెల్లీ,

నీ ఉత్తరం ఇంట్లో చదివే ధైర్యం లేక ఇక్కడికి తెచ్చుకున్నా.

సెక్షను ఎత్తేస్తామన్నారు. మాలో ఎవరైనా కొత్త ఊహ తెస్తే చూస్తామన్నారు. గొడుగు కార్డు సంచీలో పెట్టుకుని వెళ్ళింది పక్క సీటావిడకి చూపించి నవ్వుకుందామనే, వేరే ఉద్దేశం లేదు. ఆవిడ చదువుతుంటే మేనేజరు వెనక నిలబడి విన్నాడు. "నువ్వు రాశావా?" అన్నాడు. తొమ్మిదేళ్ళలో ఈ ఆఫీసులో నన్నెవరూ ఏదీ అలా అడగలేదే. అవునన్నాను. అన్నాక, ఇంకా ఉన్నాయా అన్నాడు.

నీకు చెబితే ఒప్పుకునేదానివే. ఒప్పుకోవేమోననే చెప్పలేదు. ఏది నిజమో నాకే తెలియడం లేదు. కానీ కవరు నింపింది అంతా సరుకు కోసమే అనకు. నాకు నవ్వొచ్చింది నిజంగానే.

పిల్ల సంగతి. క్లాసులో ఒకమ్మాయి పుట్టినరోజుకి వెళ్ళింది. అక్కడ ఆ పెట్టె విప్పారట. ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడి, "నా గొడుగు వాళ్ళకెలా తెలిసిందమ్మా?" అంది. నేను కూరగాయలు తరుగుతున్నా. తలెత్తకుండానే నోట్లోంచి వచ్చేసింది. "మీ పిన్ని కంపెనీ వాళ్ళకి ఇచ్చేసిందేమోనే" అని. చదవడం ఇంకా కూడబలుక్కుంటోంది కదా, వెనక ఉన్న సన్నక్షరాలు చూడలేదు.

ఇప్పుడు కాదనలేను. నువ్వు దూరాన ఉన్నావు. నాలుగు రోజులు కోపంగా ఉంటుంది, ఒక బొమ్మ తెస్తే మర్చిపోతుంది. నేను రోజూ దానికి అన్నం పెట్టాలి, జడ వేయాలి, అది నా పక్కలోనే పడుకోవాలి. అమ్మ అబద్ధమాడిందని తెలిస్తే ఆ ఇంట్లో నేనెక్కడ కూర్చోను?

నీకు పిల్లలు లేరు, నీకర్థం కాదు అనను. అర్థమవుతుందనే అడుగుతున్నా. ఈ ఒక్కటీ నీ మీద వేసుకో. దానికేం రాయకు.

అక్క


నా గది

అక్కా,

గుండుసూదికి ఉత్తరం రాశాను. చింపాను. మళ్ళీ రాశాను. "ఒట్టు తప్పింది నేను కాదు" అని రాస్తే, తరవాతి ముక్క "మరెవరు?" అన్నదానికి జవాబు కావాలి. ఆ జవాబు రాసిన కాగితాన్ని దానికి చదివి వినిపించేది నువ్వే. నవ్వొచ్చింది. ఎంత బాగా కట్టావే ఈ ఆటని. నేను ఏ పాచిక వేసినా పిల్లకే తగులుతుంది.

నాలుగు రోజుల్లో మర్చిపోతుందన్నావు. చిన్నప్పుడు నా రంగుపెన్సిళ్ళు నువ్వు విరగ్గొట్టి పిల్లి మీద పెట్టావు. మర్చిపోయానా? ఆ పిల్లి కూడా మర్చిపోయి ఉండదు.

సరే. నా మీదే వేసుకుంటున్నా. నీ కోసం కాదు. దాని జడ వేసే చేతుల్ని అది అనుమానంగా చూడకూడదు, అంతే. మంచిదాన్నని అనుకోకు, దారి లేక ఒప్పుకుంటున్నా. సెలవులకి రాను. కోట పటం చింపడానికి చేతులు రాలేదు, బీరువా వెనక తోశాను.

నాకిక ఉత్తరాలు రాయకు. రాస్తే సన్నగా రాయి. ఒంట్లో ఎలా ఉంది, ఉద్యోగం వదలకు, ఇట్లు అక్క.

ఇట్లు,
చెల్లి


కింద దర్జీ అత్త కొట్టు

పిన్నీ,

నేనే రాస్తున్నా. అమ్మ రాయలేదు. అక్షరాలు పెద్దగా ఉన్నాయని నవ్వకు. నీ అడ్రసు పాత కవరు మీద చూశాను. దర్జీ అత్త స్టాంపు అంటిస్తానంది. తప్పులు కూడా తనే దిద్దింది, కానీ ఎవరికీ చెప్పదు. నోట్లో ఎప్పుడూ సూదులుంటాయి.

నువ్వు కంపెనీ వాళ్ళకి ఇచ్చేశావని అమ్మ చెప్పింది. నాకు చాలా కోపం వచ్చింది. నీ కార్డులన్నీ మంచం కిందకి విసిరేశాను. చెప్పు కార్డుని చెప్పుతో తొక్కాను.

తర్వాత మా క్లాసమ్మాయి ఇంట్లో మళ్ళీ ఆడాం. నాకు మూత కార్డు వచ్చింది. కూడబలుక్కుని అంతా చదివాను. పిన్నీ, మూత నీకు చెప్పలేదు కదా. ఎవరికీ చెప్పలేదు. అమ్మకి జ్వరం వచ్చినప్పుడు అమ్మకి ఒక్కదానికే చెప్పాను. అమ్మ కళ్ళు మూసుకుని ఊ ఊ అంది. అప్పుడు నేను అమ్మకి ఒక మాట చెప్పి మూత పెట్టాను. జ్వరం తగ్గాక తియ్యమన్నా. అమ్మ తియ్యలేదు. మర్చిపోయింది అనుకున్నా.

కార్డు వెనక చిన్న అక్షరాలు కూడా చదివాను.

అమ్మని ఏం అడగలేదు. అడిగితే ఏడుస్తుంది. నాకు తెలుసని నువ్వు కూడా చెప్పకు. ఒట్టు.

నీ మీద కోపం వచ్చినందుకు సారీ. కార్డులు మంచం కింద నుంచి తీసి దుమ్ము దులిపాను. చెప్పు కార్డు చిరిగింది. నేనే కనిపెట్టాను కాబట్టి నేనే అతికించొచ్చు కదా.

సెలవులకి రా. ఆట ఆడదాం. కానీ ఆ వస్తువులు వద్దు. అవి అందరికీ తెలిసిపోయాయి.

కొత్తది ఒకటి కనిపెట్టాను. గొడుగు కన్నా, నిచ్చెన కన్నా మంచిది. ఏంటో అమ్మకి చెప్పను. నీకూ చెప్పను. నువ్వు మంచిదానివే, అయినా చెప్పను.

ఉందని మాత్రం చెబుతున్నా.

గుండుసూది